పేరుపేరునా

దెబోరా పొద్దున్నే నర్సరీ గేటు తీసే ముందు తలమీద కొంగు కప్పుకునేది. ఆ రోజు ఎవరెవరి నారు బయటికి పోతుందో వాళ్ల పేర్లు ఒక్కొక్కటే దేవుడికి వినిపించేది. "ప్రభువా, మునిరాజు నారు పోతాండాది, వాని చేను సల్లగుండనీ. బయ్యమ్మ నారు పోతాండాది, ఆమె బోరులో నీళ్లు తగ్గకుండా సూడు." ఇట్లా అందరివీ చెప్పి ఆమెన్ అన్నాకే తాళం తీసేది.

పుంగనూరు నుంచి మదనపల్లె పోయే రోడ్డు పక్కన ఆమె నర్సరీ. ట్రేలలో కొబ్బరిపొట్టు నింపి, గింజ నాటి, పచ్చని నెట్టు నీడలో టమోటా నారు పెంచి రైతులకు ఇవ్వడం ఆమె పని. భర్త ప్రసాదరావు మిషన్ ఆస్పత్రిలో మందులిచ్చే ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. కాఫీ గ్లాసు పట్టుకొని గేటు దగ్గర నిలబడి నవ్వేవాడు.

"ఆ పేర్లు దేవునికి తెలీదా ఏంది?"

"ఆయనకు తెలుసు. నేను మర్సిపోకుండా సెప్పుకుంటాండా."

ఆ ప్రార్థన సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. వాళ్లవాళ్ల గంగమ్మకు పొంగళ్లు పెట్టుకునే ఆడవాళ్లు కూడా నారు ఎత్తుకునే ముందు, "అమ్మా, నా పేరు సెప్పినావా లేదా?" అని అడిగి మరీ పోయేవాళ్లు. ఎవరి దేవుడు ఎవరైనా, తన పేరును ఒక మనిషి పొద్దున్నే తలుచుకుంది అంటే ఎవరికి చేదు?

రెండేళ్ల కిందట ఒక ఎండాకాలం టమోటా ధర కొండెక్కి కూర్చుంది. వేసినవాళ్ల ఇండ్లకు సున్నాలు పడ్డాయి, వాకిట్లో కొత్త బండ్లు నిలిచాయి. ఇంకేముంది, తర్వాతి పంటకు లోకమంతా నర్సరీల మీద పడింది. గుర్రంకొండ నుంచి వచ్చారు, గుడుపల్లె నుంచి వచ్చారు, సరిహద్దు దాటి ములబాగిలు నుంచి వచ్చారు. ముత్తాతల కాలం నుంచి చెరుకు తప్ప ఇంకొకటి ఎరగనివాళ్లు కూడా వచ్చి ట్రేలు చెప్పిపోయారు.

దెబోరా ప్రార్థన పొడుగైంది. ప్రసాదరావు చేతిలో కాఫీ చల్లారిపోయేది, పేర్లు అయిపోయేవి కావు. అట్లా ఒక పొద్దు పేర్లు చెబుతూ చెబుతూ ఆమె నాలుక ఆగిపోయింది. ఒక్క తన నర్సరీ నుంచే ఇంతమందా! రోడ్డు పొడుగునా ఇట్లాంటివి ఇంకెన్ని ఉన్నాయి? వీళ్లందరి కాయా ఒక్కసారే మదనపల్లె మార్కెట్టులో దిగితే కొనే నాథుడు ఎవరు?

సంత గుట్టు వ్యాపారులకంటే ముందు నారు పెంచేవాళ్లకు తెలుస్తుంది. కాయ మార్కెట్టుకు రావడానికి ఇంకా నెలలుండగానే దెబోరాకు తెలిసిపోయింది.

ఆ సాయంత్రం భర్తతో, "మన చేన్లో ఈసారి టమోటా వద్దు, బీన్సు ఏద్దాము" అంది.

"యాల?"

"ఊరికేనే."

ఆ వారంలోనే గంగులమ్మ వచ్చింది. పెద్దపంజాణి పక్క పల్లె ఆమెది. మగదిక్కు లేదు, ఎకరం పైచిలుకు నేల, ఒక బోరు. ఎప్పుడొచ్చినా కొంగులో ఇంత కరివేపాకో, రెండు బీరకాయలో లేకుండా వచ్చేది కాదు. ఒకసారి దెబోరా టైఫాయిడ్‌తో ఆస్పత్రిలో పడుంటే, ఎవరూ పిలవకుండానే వచ్చి, నర్సరీలోనే పడుకొని, నారు ఎండిపోకుండా పూట పూటకూ నీళ్లు చల్లి పోయిన మనిషి.

"యాడ సూసినా టమోటానే ఏస్తాండారంట గదమ్మా దెబోరమ్మా. నాకెందుకో బయంగా ఉండాది. ఏసుకోవచ్చునా?"

గంగులమ్మ చెప్పిన ట్రేలు అప్పటికే వాకిట్లో పచ్చగా నిలబడి ఉన్నాయి. ఈమెతో వద్దంటే రేపు ఇంకొకామెతో వద్దనాలి. వద్దన్న మాట ఊరు దాటితే నెట్టు కిందున్న నారంతా ఏమైపోతుంది? అదంతా దెబోరా మనసులో మెరుపులా మెదిలింది.

"దేవుడుండాడు గదక్కా," అంది. "ఏసుకో."

అబద్ధం చెప్పలేదు. దేవుడున్న మాట నిజమే. కానీ ఆ పొద్దు ఆయన్ను అడ్డం పెట్టుకొని తాను వెనకాల దాక్కుంది. మర్నాడు గేటు దగ్గర గంగులమ్మ పేరు మామూలుగానే చెప్పింది. ఆగకుండా తర్వాతి పేరుకు పోయింది.

కాయ దిగే నాటికి అనుకున్నంతా అయింది. కోత కూలి కూడా రాక, రైతులు కాయను రోడ్ల పక్కన కుప్పలు పోసి పోయారు. గంగులమ్మ కోయనే లేదు. మొక్కలకు ఊతంగా నాటిన కట్టెలు పీకి పక్కన పెట్టి, గొర్రెలకాపరిని పిలిచి, "పాపం, అవన్నా తినీలే" అని చేను విడిచిపెట్టింది. ఆ తర్వాత మదనపల్లె మార్కెట్టులో కాయ ఏరే కూలికి చేరింది. తన చేతిలో ఉండాల్సిన కాయను పరాయివాళ్ల గంపల్లోకి ఏరుతూ కూర్చుంది.

దెబోరా బీన్సు బాగా పలికాయి.

గంగులమ్మ ఒక్క మాట అనుంటే బాగుండేది. అనలేదు. ఒకనాడు బస్సు దిగి, ఎప్పటిలాగే కరివేపాకు ఇచ్చి, "నీ నారు మాత్రం బంగారమమ్మా. ఒక్క మొక్కా సావలేదు. దరే లేకపాయె" అని మంచినీళ్లు తాగిపోయింది. ఆ కరివేపాకు దెబోరా పోపులో వేయలేకపోయింది.

ఇట్లా ఉండగా కుప్పంలో మేనేజిమెంటు పాఠాలు చెప్పే మాలతి అనే ఆవిడ నర్సరీకి వచ్చింది. రైతులంతా ఒకవైపు పోతుంటే దెబోరా ఒక్కతే బీన్సు వేసిందని ఎవరో చెప్పారట. కూర్చోబెట్టి అడిగింది, రాసుకుంది, దీన్ని కేసుగా రాసి క్లాసులో చెబుతానంది.

"కేసు అంటాండావు, ఇదేమన్నా కోర్టు యవ్వారమా తల్లీ?" అని ప్రసాదరావు భయపడ్డాడు.

మాలతి నవ్వింది. "కాదండీ. నిజంగా జరిగిన కథను సగం చెప్పి ఆపేస్తాం. రేపు ఏమవుతుందో తెలియనప్పుడు, ఆ చోట మీరుంటే ఏం చేస్తారని పిల్లల్ని అడుగుతాం. వాళ్లు వాదించుకున్నాక అసలేం జరిగిందో చెబుతాం."

క్లాసు రోజు దెబోరాను కుప్పానికి పిలిపించారు. ముందు వరుసలో కుర్చీ వేశారు. మాలతి కథ సగం చెప్పి ఆపింది. పిల్లలు ఒకరిమీద ఒకరు పడి మాట్లాడారు.

"నేనైతే టమోటానే ఏస్తా మేడమ్. పోయిన ఏడు అంత దర ఉంటే బీన్సు ఏసేదానికి నాకేమన్నా పిచ్చా?" అన్నాడు కిషోర్ అనే పిల్లవాడు.

"అందుకే నీకు పరీక్షల్లో కూడా పోయిన ఏడు పేపరే వస్తాదని సదువుకొనొస్తావు," అంది నవనీత అనే అమ్మాయి. క్లాసంతా గొల్లుమంది.

మాలతి మిగతా సగం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు నవనీత లేచి, "ఆంటీ, ఎవురికీ తెలీంది మీకు ముందే ఎట్ల తెలిసింది?" అని అడిగింది.

చెప్పడానికి అదే అదను. దెబోరా నోరు తెరిచింది. కుర్రముఖాలన్నీ ఆమెనే చూస్తున్నాయి.

"ఏదో... మనసుకు తోసిందమ్మా."

మళ్లీ చప్పట్లు. శాలువా కప్పారు. ఈ కథ కాలేజీ పుస్తకంలో అచ్చవుతుందనీ, ఏటా కొత్త పిల్లలకు చెబుతామనీ మాలతి సంతోషంగా అంది.

పలమనేరు మీదుగా తిరిగి వచ్చే బస్సులో, కిటికీ పక్కనున్న ఒక ముసలామె దెబోరా ముఖం చూసి, "వాంతొస్తాండాదా తల్లీ? ఈడ కూసో, గాలొస్తాది" అని తన చోటు ఇచ్చేసింది. ఎవరో తెలియని మనిషి అంత ప్రేమగా లేచి చోటిస్తే దెబోరాకు ఏడుపు ఆగలేదు. తెలియక నష్టపోవడం వేరు. తనకు తెలిసే, తెలియనట్టు కూర్చుంది. ఇప్పుడు ఆ కూర్చోవడాన్నే తెలివి అని పిల్లలకు నేర్పుతున్నారు.

రాత్రి అన్నం దగ్గర భర్తకు అంతా చెప్పింది. ఆయన కలుపుతున్న అన్నం వదిలేశాడు.

"సెప్తే మన దగ్గర నారెవరు కొంటారు దెబోరా? రేపు ప్రతివోడూ, నీకు తెలిసే మాకిచ్చినావంటాడు."

"అనీండి. నిజమే గదా."

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆమె ఫోను తెచ్చి చేతికిచ్చాడు.

మాలతికి ఫోనులో అంతా చెప్పింది. "పుస్తకం ఇంకా అచ్చుకు పోలేదండీ," అంది మాలతి మెల్లగా. "మీరు మళ్లీ క్లాసుకు రాగలరా? ఇది మీ నోటితోనే వినాలి పిల్లలు."

మర్నాడు దెబోరా గంగులమ్మ ఊరికి పోయింది. దెబోరా నోరు తెరవకముందే గంగులమ్మ రాగిసంగటి ముద్ద పెట్టి, చెనక్కాయల చట్నీ వేసింది. దెబోరా ముద్ద ముట్టుకోకుండా చెప్పేసింది. పేర్లు చెబుతూ ఆగిపోయిన పొద్దు, బీన్సు వేసిన సంగతి, ఏసుకో అన్న మాట, అన్నీ.

గంగులమ్మ చట్నీ గిన్నె మూత పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది.

"నువ్వు వద్దనుంటే మాత్రం నేను ఇనుంటానా? పక్కింటోళ్లు ఏస్తాంటే నా సేతులు ఊరుకుంటాయా!" అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది. "అయినా సెప్పాల్సిందమ్మా. నేను అడిగితిని గదా. బయంగా ఉండాదని నోరు తెరిసి అడిగితిని."

"అవునక్కా."

"నా పేరు దేవునికి సెప్తివి. నాకు సెప్పకపోతివి."

దెబోరా తల వంచుకుంది. వాకిట్లో కోడి గిన్నెలు కెలుకుతుంటే గంగులమ్మ దాన్ని అదిలించి వచ్చి కూర్చుంది. "తిను, సల్లారిపోతాండాది," అంది. కోపం గొంతులోంచి పోలేదు, కానీ నీళ్లచెంబు మాత్రం దగ్గరికి జరిపింది.

దెబోరా ఒక ముద్ద తిన్నది. తర్వాత చెయ్యి చెంబు మీద పెట్టి అడిగింది.

"గంగులక్కా, నాకొక సాయం సేస్తావా? బేస్తవారం కుప్పానికి నాతో రా. ఆ పిల్లోళ్లకు ఇదంతా సెప్పాల. మొన్న వాళ్ల ముందర నిజం నా నోటికి రాలేదు. నువ్వు నా ఎదురుగా కూసో. నేను యాడన్నా తప్పించుకోబోతే లేసి, 'నేను అడిగితిని గదా' అను. ఆ ఒక్క మాట సాలు."