ఆంటీ వినని క్యాసెట్

పాపటోయిటోయి ఆంటీ పోయారు. ఆక్లాండ్‌లో ఆవిడ ఉండే పేట పేరది. గుండెపోటు అని మొన్న మంగళవారం వాళ్ళ అమ్మాయి మెసేజ్ పెట్టింది. అప్పుడు నేను యూనివర్సిటీ లైబ్రరీలో, పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే గదిలో ఉన్నాను. ఆంటీ మాకిచ్చినవి నాలుగు. మూడు విన్నారు. నాలుగోది వినకుండానే వెళ్ళిపోయారు. దానికి కారణం నేనే. ఈ మాట మీకు ముందే చెప్పేయడం నయం.

ఆంటీ ఫిజీలో పుట్టిన తెలుగావిడ. వాళ్ళ పెద్దలు చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వెళ్ళినవాళ్ళు. ఆవిడ తెలుగులో సగం హిందీ కలిసేది. గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే సెటిల్ అయిపోయిన నాకు మొదట్లో నవ్వొచ్చేది. అది కనిపెట్టి, "నీది టీవీ తెలుగు బాబూ, మాది ఓడ దిగిన తెలుగు" అన్నారు ఒకసారి. ఆ తర్వాత నేనెప్పుడూ నవ్వలేదు.

వాళ్ళమ్మకు రాయడం రాదట. ఆక్లాండ్‌ వచ్చేసిన తమ్ముడికి ఉత్తరాలకు బదులు క్యాసెట్లో మాట్లాడి పంపేదట. ఆ మేనమామ పోయాక ఆయన గరాజ్‌లో ఇవి బయటపడ్డాయి. ఇక్కడి కుటుంబాలతో కలిసి మా లైబ్రరీ పాత గొంతులు భద్రపరుస్తోందని ఎవరో చెబితే, ఆంటీ వాటిని బిస్కెట్ డబ్బాలో పెట్టుకుని రైలెక్కి వచ్చారు.

"మీరు దాచుకోండి, ఎవరికన్నా వినిపియ్యండి, నాకేం లేదు. అమ్మ గొంతు మర్చిపోయినా బాబూ. ముందు నాకు వినిపియ్యి."

ఆవిడ అడిగింది అదొక్కటే.

నేనేమో పనిమంతుణ్ణి కదా! మొదటి క్యాసెట్‌ను వారం రోజులు శుభ్రం చేశాను. గరగర తీసేశాను, వెనకాల హోరు తీసేశాను. మాట కడిగిన ముత్యంలా వచ్చింది. ఆంటీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్లో మాట్లాడుతున్నట్టు "ఊఁ... ఊఁ..." అంటూ విన్నారు. తర్వాత తలెత్తారు.

"అమ్మ ఉంది. వాన ఏదీ?"

"ఏ వాన ఆంటీ?"

"రేకుల మీద వాన. అమ్మ మాట్లాడుతుంటే ఎనకాల అదే చప్పుడుండేది."

"నాయిస్ అనుకుని తీసేశానండీ."

"అది నాయిస్ కాదయ్యా, మా ఇల్లు."

అసలు కాపీని మేము ఎప్పుడూ ముట్టుకోం కాబట్టి వాన తిరిగి దొరికింది. నాకు బుద్ధి మాత్రం రాలేదు. రెండోదీ మూడోదీ ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను గానీ, నాలుగో క్యాసెట్ మరీ పాడైపోయింది. గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టుండేది. అలా వినిపించడానికి నాకు నామోషీ. ప్రతి శనివారం ఆంటీ ఫోన్ చేసి, "అయిందా బాబూ?" అనేవారు. "ఇంకొక్క వారం ఆంటీ" అనేవాణ్ణి. "సరే, నీ పని నీకు తెలుసు" అనేవారు. ఎప్పుడూ విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది. అలా ఏడు వారాలు గడిచాయి.

అంత్యక్రియలయ్యాక లాప్‌టాప్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆంటీ అమ్మాయి ఇక్కడే పుట్టింది, తెలుగు కొంచెం కొంచెం అర్థమవుతుంది. ఇద్దరం కిచెన్‌లో కూర్చున్నాం. ఏమీ శుభ్రం చేయని నాలుగో క్యాసెట్ పెట్టాను. నీళ్ళలోంచి వాళ్ళమ్మమ్మ ఎవరి పెళ్ళి గురించో తమ్ముడికి చెబుతోంది. మధ్యలో ఒక చిన్నపిల్ల గొంతు దూరింది.

"అమ్మా, నా మాట నేను వింటా."

"ఉండవే. తర్వాత విందువులే, ముందు మామకు పోనీ."

ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఈజ్ దట్ మమ్?"

ఔనన్నాను.

"వాట్స్ షీ ఆస్కింగ్?"

"తన గొంతు తను వింటానంటోంది. మీ అమ్మమ్మ తర్వాత అంటోంది."

ఏడు వారాలు నేనన్నదీ అదే. తలెత్తి ఆ అమ్మాయి మొహం చూడలేకపోయాను.

ఆమె లాప్‌టాప్ రెండు చేతులతో ఎత్తుకుని ఆంటీ గదిలోకి వెళ్ళింది. ఎవరికో ఇవ్వడానికి మడతపెట్టిన వాళ్ళమ్మ చీరల పక్కన, మంచం మీద దాన్ని పెట్టింది. మళ్ళీ మొదటి నుంచి వచ్చేలా నొక్కి, సౌండ్ పూర్తిగా పెంచింది.