రాజంపేటను మరిచిన రౌటరు

మా కడప ఆఫీసులో ఏ బ్రాంచి కంప్యూటర్లకు సమాచారం ఏ దారిన పోవాలో తేల్చే రౌటరు ఒకటుంది. ఈ రోజు మధ్యాహ్నం దానికి కొత్త నియమాలు రాశాను. బద్వేలుకు ఉన్న రెండు లైన్లలో కొత్తదాన్నే ముందు వాడుకోమన్నాను. మూతపడిన పాత గోడౌను దారిని రానివ్వద్దన్నాను. పనైపోయిందని టీ తెప్పించుకున్నాను.

అది చల్లారకముందే ల్యాండ్‌లైన్ మోగింది. రాజంపేట మేనేజరు.

"ఏమప్పా, మమ్మల్ని తీసేసినారా ఏంది? ఈడ ఒక్క కంప్యూటరూ పలకల్యా!"

"లేదు సార్, మీ పేరు నేను రాయనే లేదు."

"అదే గదప్పా నేనడిగేది!"

నిజమే. నియమాల్లో పేరు లేని దారులన్నింటినీ రౌటరు చెప్పకుండానే పారేస్తుంది. అందుకే చివర్లో 'మిగతావన్నీ రానీ' అని ఒక వరుస రాయాలి. అదే మరిచాను.

ఆ వరుస కొడుతుంటే బేతంచెర్లలో మా అవ్వ గుర్తొచ్చింది. క్రిస్మస్ భోజనానికి ఎవరెవరిని పిలవాలో చిన్నాయనకు ఇల్లిల్లూ చెప్పి, ఆయన చెప్పులేసుకున్నాక గడపలోంచి మళ్లీ కేకేసేది: "నేను మర్సిపోయినోళ్లను గూడా రమ్మను నాయనా. నాకు గుర్తు రాకుంటే వాళ్లు మనోళ్లు కాకుండా పోతారా?" బండల పాలిష్ పనికి కొత్తగా వచ్చినవాళ్లు కూడా మా పంక్తిలోనే తినేవారు.

రాజంపేట లేచింది. ఈ నియమాలకు ఏదో ఒక పేరు పెట్టాలి కదా, 'అవ్వ' అని పెట్టాను. ఎవరీ అవ్వ అని రేపు మా బాసు అడుగుతాడు. మీరైతే ఏం చెబుతారు? ఆమె ఉన్నన్నాళ్లూ "మమ్మల్ని తీసేసినారా" అని మా ఇంటికొచ్చి అడిగినవాళ్లు లేరని చెబుదామనుకుంటున్నాను.