గేటు దగ్గర నుంచి లెక్క

అంకప్ప మేస్త్రీకి కూతురంటే మురిపెం కొంచెం ఎక్కువే. గుడియాత్తంలో ఏ మిద్దె పని దగ్గర చూసినా, "మా యువరాణి వేలూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తా ఉండాది" అని డప్పు కొట్టుకునేవాడు. తొంభై తొమ్మిదిలో అదేమన్నా చిన్న సంగతా మరి!

గుడియాత్తంలో కొత్తగా తెరవబోయే ఒక నర్సింగ్‌హోమ్‌కి యువరాణి కంపెనీ టోకెన్ల సాఫ్ట్‌వేర్ రాసింది. అది జనం తాకిడికి తట్టుకుంటుందో లేదో పరీక్షించడం యువరాణి పని. టెస్టింగ్ టూల్ ఉత్తుత్తి రోగులను పంపి, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో కొలుస్తుంది. అన్నీ చిటికెలో వచ్చాయి. "బ్రహ్మాండంగా ఉంది సార్" అని తన కంపెనీ యజమాని పూర్ణచంద్రకు చెప్పేసింది. ఆయన నర్సింగ్‌హోమ్ వాళ్లతో మాట్లాడి ప్రారంభానికి తేదీ ఇచ్చేశాడు.

ప్రారంభానికి ముందు ఆదివారం యువరాణి నాయనకు అన్నం తీసుకుని పనిచోటికి వెళ్లింది. మిక్సర్ నుంచి మిద్దె మీదికి మనుషులు వరసగా నిలబడి కాంక్రీటు బాండ్లీలు అందించుకుంటున్నారు. పైనున్న కూలీ తంగవేలు తలగుడ్డ సర్దుకోవడానికి ఆగాడు. వరసంతా ఆగింది. కింద కాంక్రీటు కుప్పపడింది.

"ఎవురప్పా ఆలస్యం చేసింది?" అంకప్ప గదమాయించాడు.

"నా చేతికి రాంగానే ఇచ్చేసినా మేస్త్రీ" అన్నారు ఒకరి తర్వాత ఒకరు. కిందివాళ్లలో ఎవరి మాటా అబద్ధం కాదు.

అన్నం క్యారియర్ కింద పెట్టి, యువరాణి ఆ వరసను మళ్లీ చూసింది. తన టూల్ చేస్తున్నదీ ఇదే. ఒక జవాబు వచ్చేదాకా ఇంకో రోగిని పంపడం లేదు. సాఫ్ట్‌వేర్ కునుకు తీస్తే టూల్ కూడా కునుకు తీస్తోంది. ఆ మధ్యలో రావలసినవాళ్లు లెక్కలోకే రాలేదు. నిజమైన రోగులు అలా ఆగి వస్తారా ఎక్కడైనా?

నాయనకు సంగతంతా చెప్పి వేలూరు బస్సెక్కింది. జవాబు వచ్చినా రాకున్నా, గడియారం ప్రకారం రోగులు వస్తూనే ఉండేట్టు టూల్‌ని మార్చింది. సాఫ్ట్‌వేర్ చతికిలపడింది.

పూర్ణచంద్ర తల పట్టుకున్నాడు. "కార్డులు కూడా పంచినాము కదమ్మా. నీకు ఉద్యోగం ఉండాలని లేదా?"

"ఉండాలనే చెప్తా ఉండా సార్" అంది యువరాణి.

ఆయన గొణుక్కుంటూనే ప్రారంభాన్ని వాయిదా వేయించాడు. ఇద్దరూ కూర్చుని సాఫ్ట్‌వేర్‌ని దారికి తెచ్చారు.

ప్రారంభం రోజున గేటు ముందు అంకప్ప, వెనకాల అతని కూలీలంతా. "ఈ పొద్దు వరస లేదప్పా, అందురూ ఒకేసారి పోండి" అని ముందే చెప్పి తీసుకొచ్చాడు. టోకెన్లు చకచకా వచ్చాయి.

"నీకేం జబ్బు నాయనా?" టోకెన్ల కిటికీ వెనకనుంచి యువరాణి నవ్వు ఆపుకోలేకపోయింది.

"జబ్బేం లేదు. ఈ టోకెను నా వెనకాల నిలబడిన ఆ అవ్వకియ్యి. ఎంతసేపు పట్టిందనే లెక్క మాత్రం నేను కిటికీ కాడికి వచ్చినప్పట్నుంచి కాదమ్మా, గేటు కాడికి వచ్చినప్పట్నుంచి పెట్టుకో."