తుడిచేసిన సూర్యుడు

నార్వే ఉత్తర కొసన ఉన్న ఆ చిన్న ఊరి నుంచి మా బస్సు బయలుదేరేసరికి గడియారం ప్రకారం ఇంకా తెల్లవారలేదు. అసలు ఆ రోజుల్లో అక్కడ తెల్లవారడం అనేదే లేదు, పొద్దు గుంకితే కదా. సముద్రం మీద రెండు మూరల ఎత్తున సూర్యుడు నిలబడి, మనవైపు చలికాలం సాయంత్రాల్లో ఉండేలాంటి పలచటి పసుపు ఎండను రోడ్డంతా పరిచాడు. బస్సులో ఉన్న కొద్దిమంది ముసలి దంపతులు కళ్ళకు నల్లటి పట్టీలు పెట్టుకుని నిద్రలోకి జారుకున్నారు. నా పక్క సీట్లో మా చెల్లెలు మంకీ క్యాపు పెట్టుకుని, ఒళ్ళో సకినాల డబ్బా పట్టుకుని కిటికీలోంచి కళ్ళార్పకుండా చూస్తోంది. పోస్టాఫీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆమె లోకం చూడాలని వచ్చింది. నేను పగ తీర్చుకోవాలని వచ్చాను.

హైదరాబాదు అశోక్ నగర్‌లో, గవర్నమెంటు ఉద్యోగాల పరీక్షలకు తయారుచేసే ఒక కోచింగ్ సెంటర్‌లో నేను జాగ్రఫీ చెప్పేదాన్ని. పుస్తకాల షాపు పైన రెండు గదుల్లో మొదలైన నాటి నుంచీ అక్కడే ఉన్నాను. దాని డైరెక్టరు, నేను ఒకప్పుడు ఒకే కాలేజీలో లెక్చరర్లం. "మీరు రాకపోతే ఈ సెంటర్ నడవదు మేడం" అని చిక్కడపల్లిలో మా ఇంటికొచ్చి అడిగితే కాదనలేకపోయాను. ఊళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు నా క్లాసుకు ముందే వచ్చి చోటు పట్టుకునేవాళ్ళు. సెంటర్ పెరిగింది, పెద్ద హాలు వచ్చింది, మైకు వచ్చింది. తర్వాత, యూట్యూబులో బాగా పేరు తెచ్చుకున్న ఒక కొత్త లెక్చరర్ మీద డైరెక్టరు కన్ను పడింది. అతను రావాలంటే జాగ్రఫీ మొత్తం అతనికే ఇవ్వాలట. నన్ను పంపించడానికి వంక వెతుకుతున్నారని నాకు తెలియదు.

ఆ వంక ఆర్కిటిక్ రూపంలో దొరికింది. ఎండాకాలంలో అక్కడ సూర్యుడు అస్తమించడని, అర్ధరాత్రి కూడా కనిపిస్తాడని పాఠం చెబుతున్నాను. వెనక వరసలో ఒకమ్మాయి లేచి అడిగింది.

"మేడం, అర్ధరాత్రి ఏ దిక్కుల కనబడతడు?"

"ఉత్తరాన," అన్నాను.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. నేను బోర్డు మీద భూమిని గుండ్రంగా గీసి, ధ్రువాన్ని గుర్తుపెట్టి, అవతలి పగటివైపు నుంచి ఎండ ధ్రువం మీదుగా ఇటు ఎలా వస్తుందో గీస్తున్నాను. తలుపు దగ్గర నిలబడి వింటున్న డైరెక్టరు లోపలికొచ్చి మైకు అందుకున్నాడు.

"సూర్యుడు ఉత్తరాన ఉంటడా మేడం? తూర్పుల పొడుస్తడు, పడమర మునుగుతడు. మునగలేదంటె ఇంక పడమరల్నే ఉన్నట్టు గద! మీరు ఎన్నడన్న చూసిండ్రా?"

"చూడలేదు సార్. కానీ లెక్క ప్రకారం..."

"మేడం చిక్కడపల్లి దాటి పోలే," అన్నాడు పిల్లలవైపు తిరిగి. "ఆమె సూర్యుడు బాగ్‌లింగంపల్లిల పొడుస్తడు, లోయర్ ట్యాంక్ బండ్‌ల మునుగుతడు. గంతే!"

హాలు హాలంతా నవ్వింది. అతను డస్టరు కూడా తీసుకోలేదు. నేను గీసిన బొమ్మను అరచేత్తో తుడిచేసి, ఆ చేతిని ప్యాంటుకు రాసుకున్నాడు. అదంతా ఎవరో ఫోనులో తీశారు. ఆ సాయంత్రానికే ఆ వీడియో హాస్టళ్ళన్నీ తిరిగింది. టీ కొట్ల దగ్గర నన్ను చూసి "ఉత్తరం మేడం" అనడం మొదలుపెట్టారు. ఆ వారంలోనే నన్ను రావద్దన్నారు. సందు మొదట్లో నా ఫొటో ఉండే ఫ్లెక్సీ మీద కొత్త లెక్చరర్ ఫొటో వచ్చింది. కూరగాయలకు వెళ్ళినప్పుడల్లా దాని కిందనుంచే నడవాలి.

వాటన్నిటినీ మింగేదాన్నేమో. అప్పటికి మా అమ్మ మంచంలో ఉంది. పక్క ఫ్లాటావిడ జాలి చూపిద్దామనే కాబోలు, ఆ వీడియోను ఆమెకు చూపించింది. నేను ఇంటికొచ్చేసరికి అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ఏం తప్పు చెప్పినవు బిడ్డా, అంతమందిల నవ్విన్రు?" అంది.

"తప్పు చెప్పలేదమ్మా. నేను చెప్పిందే నిజం," అన్నాను.

"మరి ఎవ్వరు నీ దిక్కు మాట్లాడలేదేంది?"

నేను కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. తలూపింది గానీ నమ్మలేదు. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. కూతురు పాఠం తప్పు చెప్పి ఉద్యోగం పోగొట్టుకుందనే అనుకుని పోయింది. కర్మకాండలు అయిపోయిన రోజే చెల్లెలితో చెప్పాను, వెళ్ళి చూసి వస్తానని. "చూసిండ్రా" అన్నాడు కదా, చూసే వస్తాను.

చూశాను. బస్సెక్కడానికి కొన్ని గంటల ముందు, అర్ధరాత్రి సముద్రపు అంచున కొండమీద నిలబడి, సూది చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉండే తేడా కూడా సరిచేసుకుని, దిక్సూచిని చేతిలో పట్టుకుని మాట్లాడాను. చెల్లెలు నా ఫోనులో వీడియో తీసింది. సూర్యుడు సరిగ్గా ఉత్తరాన, నీళ్ళకు కాస్త పైన, ఏమీ ఎరగనట్టు ఉన్నాడు. జనం చప్పట్లు కొట్టారు, ఒకరినొకరు కావలించుకున్నారు. నాకు మాత్రం మా డైరెక్టరు అరచెయ్యే కనబడింది.

ఇప్పుడు బస్సులో ఆ వీడియోను మొదటిసారి పూర్తిగా చూసుకున్నాను. గాలి హోరు. ఆ హోరును మించి నా గొంతు. "చూడు సార్, కండ్లు తెరిచి చూడు! సిగ్గుందా నీకు?" అని అరుస్తున్నాను. ముక్కు ఎర్రబడి, స్కార్ఫు ఎగిరిపోతూ, దిక్సూచిని కెమెరా మీదికి పొడుస్తున్నాను. సూర్యుడు సగంసేపు నా తల వెనకే ఉన్నాడు.

"బాగ వచ్చిందా?" అంది చెల్లెలు.

"ఇది గనక బయట పెడితే మళ్ళ నన్నే చూసి నవ్వుతరు," అన్నాను.

ఆమె ఫోను తీసుకుని చూసింది. సకినం కొరికి మెల్లగా అడిగింది.

"ఒకటి అడుగుత, కోపం చేయకు. ఎండాకాలంల కొన్ని దినాలు మన మేడ మీద కూడ మిట్టమధ్యాన్నం సూర్యుడు ఉత్తరానికి జరుగుతడని నువ్వే అంటివి గద. ఆడనే నీడ చూపిస్తె సరిపోకపోయెనా? ఇంత దూరం ఎందుకొచ్చినం?"

"అది ఇంతంత జరుగుడు. మెడలు విరిగేటట్టు నెత్తిమీదికి చూడాలె. నాకు కండ్లకెదురుంగ ఉండే ఉత్తరం కావాలె."

"అక్కా, నిన్నటిసంది నువ్వు ఆ సూర్యుణ్ణి సక్కగ ఒక్కసారి కూడ చూడలే. జర చూడరాదు?"

చూడలేదు. ఆ మాట నిజమే, కానీ నాకు చూడాలని కూడా లేదు. నా బుర్ర అంతా ఒకటే లెక్క వేస్తోంది: ఎలా చెబితే అతనికి బాగా తగులుతుంది? తిడితే అతను తప్పించుకుంటాడు. "పాపం, మేడంకు మతి చెడింది" అంటాడు. తిట్టు ఒక్కటి కూడా లేకుండా, అతని ఊసే లేకుండా, నేను రోజూ చెప్పే గొంతుతో పాఠం చెప్పాలి. అప్పుడు అతనికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగా రెయిన్‌డీర్‌ల మంద, కొమ్మలు కొమ్మలుగా చీలిన కొమ్ములతో, ఏ తొందరా లేకుండా నడుస్తోంది. డ్రైవరమ్మ ఇంజను ఆపేసి, అవి పోయేదాకా కావాలంటే కిందికి దిగమని చేత్తో సైగ చేసింది. నేను చెల్లెలి చెయ్యి పట్టుకుని లేపాను.

"దిగు. మళ్ళ తీద్దాం."

చెట్టన్నది లేని నేల. గాలి పడిపోయింది. సూర్యుడు ఉత్తరం నుంచి తూర్పువైపుకు జరిగి, కొంచెం పైకొచ్చాడు. నా నీడ రోడ్డు దాటి పచ్చిక మీద చాలా దూరం పడుకుంది. స్కార్ఫు సరిచేసుకుని, జుట్టు వెనక్కి తోసుకుని, హాల్లో మొదటి వరస వైపు చూసినట్టు కెమెరా వైపు చూశాను.

"పిల్లలూ, అర్ధరాత్రి మనం సూర్యుణ్ణి ఉత్తరాన చూశాం. ఇప్పుడు తెల్లవారుజాము. ఈశాన్యానికి వచ్చాడు. ఈ మధ్యలో ఒక్కసారి కూడా మునగలేదు. ఇక్కడ సూర్యుడు ఆకాశంలో చుట్టూ తిరుగుతాడు. పడమర నుంచి తూర్పుకు రావాలంటే ఏ దారిన రావాలి? ఉత్తరం దారినే..."

గొంతు ఎక్కడా వణకలేదు. లోపల మాత్రం ప్రతి మాటా రాయిలా ఎంచుకునే వేస్తున్నాను. రెయిన్‌డీర్‌లు నా వెనకనుంచి నడిచి వెళ్ళాయి. చెల్లెలు వాటిని కూడా కలుపుకుని తీసింది.

విమానాశ్రయంలో కూర్చోగానే చెల్లెలు "ఇప్పుడే పెట్టెయ్," అంది. వద్దన్నాను. ముందు అతని మొహం చూడాలి. మూడు విమానాలు మారి హైదరాబాదులో దిగేదాకా నాకు కునుకు పట్టలేదు. ఆకలి కూడా వేయలేదు.

అదే వారంలో డైరెక్టరు కొత్త బ్యాచి కోసం నారాయణగూడలో ఒక హాలు తీసుకుని డెమో క్లాసు పెట్టాడు. ఎవరైనా రావచ్చు, ఏదైనా అడగవచ్చు అని ఫ్లెక్సీలు కట్టించాడు. మేమిద్దరం వెళ్ళి మొదటి వరసలో కూర్చున్నాం. అతను నన్ను చూశాడు. చూడనట్టు గంటసేపు మాట్లాడాడు. ప్రశ్నలడగండి అనగానే చెయ్యెత్తాను. మైకు నా చేతికి వచ్చింది.

"సార్, ఆర్కిటిక్‌లో అర్ధరాత్రి సూర్యుడు ఏ దిక్కున ఉంటాడు?"

తడబడతాడనుకున్నాను. పడమర అంటాడు, అప్పుడు ఫోను తీస్తాను అనుకున్నాను. అతను హాయిగా నవ్వాడు.

"ఉత్తరం! నాకు ఈ ముక్క నేర్పింది మేడమే. మా పాత ఫ్యాకల్టీ, శానా పెద్దమనిషి. మేడంకు ఒకసారి చప్పట్లు కొట్టున్రి!"

వందల చేతులు చప్పట్లు కొట్టాయి. దేశాలు దాటి మోసుకొచ్చిన దాన్ని ఒక్క నవ్వుతో నా చేతిలోంచి లాక్కుని, తనే నాకు బహుమతిగా ఇచ్చినట్టు ఇచ్చాడు. ఆ క్షణంలో నాకు వచ్చిన కోపం, బొమ్మ తుడిచిననాడు కూడా రాలేదు. చెల్లెలు నా కొంగు పట్టుకుని లాగింది, కూర్చోమని. నేను కూర్చోలేదు. చప్పట్లు ఆగేదాకా ఉన్నాను.

"మరి నేను గీసింది ఎందుకు తుడిచారు సార్?"

అతను వాచీ చూసుకున్నాడు.

"నేను చెప్పింది నిజమని మీకు తెలిస్తే, నన్ను ఎందుకు తీసేశారు?"

"మేడం, అవన్ని మనం తర్వాత ఆఫీసుల కూసొని మాట్లాడుకుందాం."

"ఆఫీసులో అనలేదు కదా మీరు. హాల్లో అన్నారు. హాల్లోనే చెప్పండి."

అతను స్టేజీ దిగి నా దగ్గరికొచ్చాడు. తన మైకును అరచేత్తో మూసి, వంగి, "తప్పయింది మేడం. ఇంక ఇడిసిపెట్టున్రి," అన్నాడు. నుదుటి మీద చెమట కనిపించేంత దగ్గరగా ఉన్నాడు.

"మైకులో చెప్పండి."

"మేడం, పిల్లలు చూస్తున్నరు..."

"అప్పుడూ చూశారు. మైకులో చెప్పండి."

చుట్టూ ఫోనులు లేచాయి. అతను చుట్టూ చూశాడు, వెనక్కి చూశాడు. ఎవరూ అతని తరఫున మాట్లాడలేదు. చివరికి మైకు మీది చెయ్యి తీశాడు.

"ఆ దినం మేడం చెప్పిందే కరెక్ట్. తప్పు నాదే. అందరి ముందట మేడంకు మాఫీ అడుగుతున్న."

మైకును చెల్లెలి చేతికిచ్చి నేను బయటికి నడిచాను. మెట్రో స్టేషను కింద నిలబడి, ఆర్కిటిక్ రోడ్డు మీద తీసిన పాఠాన్ని అప్పుడు యూట్యూబులో పెట్టాను. పిల్లలు దాన్ని చూశారు గానీ, హాల్లో తీసిన వీడియోను అంతకు ఎన్నోరెట్లు ఎక్కువ చూశారు. ఆ బ్యాచిలో అతనికి సీట్లు నిండలేదని తర్వాత తెలిసింది. ఆదివారాలు క్లాసులు చెప్పమని అతను రెండుసార్లు ఫోను చేశాడు. ఎత్తలేదు. దోమలగూడలో ఒక మేడ పై అంతస్తు కిరాయికి తీసుకుని సొంతంగా చెబుతున్నాను. అడ్మిషన్లు, ఫ్యాన్లు, మంచినీళ్ళు అన్నీ చెల్లెలు చూసుకుంటుంది.

"పాపం అక్కా, ఇంట్ల పెండ్లాం పిల్లలు గూడ చూసి ఉంటరు గద," అంది ఒకరోజు.

"చూడనీ," అన్నాను.

పగ తీరాక మనసు ఖాళీ అవుతుందని చాలామంది చెబుతారు. నాకేమీ కాలేదు. ఆ రాత్రి నారాయణగూడ నుంచి ఇంటికి నడిచి వచ్చి, కడుపునిండా అన్నం తిని, మర్నాడు పొద్దెక్కేదాకా పడుకున్నాను. ఇప్పటికీ అశోక్ నగర్ పుస్తకాల షాపుల దగ్గర అతను ఎదురుపడితే రోడ్డు అవతలికి దాటుకుంటాడు. నేను కావాలనే నెమ్మదిగా నడుస్తాను.