సార్ నీతోని ఏం చెప్పిండు?

పటాన్‌చెరులోని ఒక చిన్న మందుల కంపెనీలో, మాత్రలను రేకు అట్టల్లో ప్యాక్ చేసే మిషన్ దగ్గర ఆరేళ్లు పనిచేశాను. మా లైన్‌లో అందరూ ఆడవాళ్లే. లైన్ లీడర్లం ఇద్దరం. ఒక వారం నేను, ఒక వారం ఆమె.

ఆమెది ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గరి పల్లె. అత్తగారింట్లో అందరూ పొలం పని చేసేవాళ్లే. కంపెనీ బస్సెక్కిన మొదటి మనిషి ఆమే. మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారు. నేను పుట్టింది ఇక్కడే అయినా ఇంట్లో మాట మారలేదు. నేను ఎవరినైనా "ఏమండీ" అని పిలిస్తే, వెనక నుంచి ఆమె "అండీ" అని సాగదీసేది. లైనంతా నవ్వేది. నేనూ తక్కువ తినలేదు. ఆమె వారంలో పాడైన అట్టల సంచిని అందరి కంటా పడేలా దారిలో పెట్టించేదాన్ని.

ఇదంతా ఊరికే మొదలవలేదు. "మీ ఇద్దరిలో ఒక్కరినే పర్మనెంట్ చేస్తారు" అని సూపర్‌వైజర్ నాతో అన్నాడు. ఆమెతోనూ అన్నాడు. అప్పటి నుంచి ఒకరి తప్పులు ఇంకొకరం వెతకడమే పని.

మధ్యాహ్నం భోజనాల వేళ క్యాంటీన్ టీవీలో ముందురోజు రాత్రి సీరియల్ మళ్లీ వచ్చేది. ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు. పల్లెటూరి నుంచి వచ్చిన పెద్దకోడలు, చదువుకున్న చిన్నకోడలు. ఇద్దరికీ క్షణం పడదు. క్యాంటీన్‌లో మా బల్లలు కూడా అలాగే చీలిపోయాయి. ఆమె బల్ల వాళ్లది పెద్దకోడలి పక్షం, మా బల్లది చిన్నకోడలి పక్షం. పెద్దకోడలు చెంప దెబ్బ తిన్న రోజున మా వాళ్లు చప్పట్లు కొడితే, ఆ మధ్యాహ్నమంతా రెండు బల్లల మధ్య మాటల్లేవు.

ఒక మంగళవారం మిషన్ దగ్గర కేక వినిపించింది. అది ఆమె వారం. నేను అట్టపెట్టెల బల్ల దగ్గర ఉన్నాను. పరిగెత్తి వెళ్లేసరికి ఒడిశా నుంచి వచ్చిన ఒక అమ్మాయి కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నేల మీద కూలబడి ఉంది. చిక్కుకున్న రేకును లాగబోతే రెండు వేళ్ల కొసలు పోయాయి.

ఆ మిషన్‌కు ముందు అద్దంలాంటి మూత ఉంటుంది. మూత తెరవగానే మిషన్ ఆగిపోవాలి. ఆ రోజు ఆగలేదు. మూత దగ్గరి సెన్సర్‌కు ఎవరో టేపు చుట్టేశారు.

ఆ టేపు చుట్టింది నేనే.

అంతకుముందు శనివారం రేకు మాటిమాటికీ చిక్కుకుంటోంది. మూత తీసిన ప్రతిసారీ మిషన్ ఆగుతోంది. సూపర్‌వైజర్ వచ్చి, "ఇలాగైతే సాయంత్రానికి లోడు ఎలా పోతుందమ్మా? ఆ సెన్సర్‌కు టేపు వెయ్యి, నేనున్నాగా" అన్నాడు. వేశాను. తీయకుండానే బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయాను.

ప్రమాదం జరిగిన మర్నాడు ఆయన నన్ను తన గదికి పిలిచి తెల్లకాగితం ముందు పెట్టాడు. "రేపు మేనేజర్ గారి ముందు విచారణ. టేపు నువ్వే వేశావని ఆమె అప్పుడే రాసిచ్చేసింది. శనివారం మిషన్ అప్పగించేటప్పుడు టేపు లేదని నువ్వూ రాసిచ్చెయ్. మిగతాది నేను చూసుకుంటా."

"వెయ్యమన్నది మీరే కదా సార్?"

"నేనన్నట్టు ఎక్కడైనా ఉందా?" అన్నాడు నవ్వుతూనే.

రేపు ఇస్తానని చెప్పి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నేను బయటికి వస్తుంటే ఆమె లోపలికి వెళ్తోంది. నా మొహం వంక కూడా చూడలేదు. ఇంకా ఏం రాసివ్వడానికి పోతోందో అనుకున్నాను. ఆ సాయంత్రం బస్సులో ఆమె ముందు సీట్లో, నేను చివరి సీట్లో. మాతో పనిచేసే ఆడవాళ్లు అటు ఒకసారి, ఇటు ఒకసారి చూస్తూ గుసగుసలాడుకున్నారు. ఇంటికెళ్లి వంట చేశాను గానీ పప్పులో ఉప్పు వేశానో లేదో కూడా తెలియలేదు.

గురువారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో సీరియల్ నడుస్తోంది. ఇంటి పత్రాలు మాయమయ్యాయి. నింద చిన్నకోడలి మీద పడింది. ఇన్నాళ్లూ ఒకరి మీద ఒకరికి చాడీలు మోస్తున్నది మామగారి తమ్ముడు. పెద్దకోడలు వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసి, "చిన్నమామయ్య నా గురించి నీతో ఏం చెప్పాడు?" అని అడిగింది.

క్యాంటీన్ గొల్లుమంది. "గిదేంది? నిన్నటిదాంక కొట్టుకున్నోళ్లు గిట్లెట్ల కలుస్తరు?" అని ఆమె బల్ల దగ్గర ఒకావిడ గట్టిగా అంది. మా బల్ల వాళ్లకూ ఒళ్లు మండింది. ఆమె ఒక్కతే టీవీ వైపు చూడలేదు. నా వైపు చూస్తోంది. నేను తల దించుకుని డబ్బా మూత పెట్టేశాను.

బట్టలు మార్చుకునే గదిలో టోపీ పెట్టుకుంటుంటే ఆమె వెనకే వచ్చింది.

"ఆగు జెర. సార్ నీతోని నా గురించి ఏం చెప్పిండు?"

ఇది కూడా ఆయన పంపిన ఎత్తేమో అనిపించింది. "ముందు నువ్వు చెప్పు" అన్నాను.

"శనివారం మిషన్ సాఫ్‌గ అప్పజెప్పిన అని నువ్వు రాసిచ్చినవని చెప్పిండు. టేపు నీదే అని నన్ను గూడ రాసియ్యమన్నడు."

"నేనేమీ రాయలేదు. నువ్వే రాసిచ్చావని నాతో అన్నాడు."

ఆమె గౌను జేబులోంచి మడిచిన కాగితం తీసి చూపించింది. ఖాళీగా ఉంది. నాదీ తీశాను. అదీ ఖాళీయే.

"నిజం చెప్పు. టేపు నువ్వేసినవా?"

లేదంటే సరిపోయేది. ఆ శనివారం నేను టేపు వేస్తుంటే సూపర్‌వైజర్ తప్ప చూసినవాళ్లు లేరు. తప్పంతా ఆమె వారం మీద పడేది, పర్మనెంట్ నాకు వచ్చేది. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం.

"నేనే వేశాను. ఆయన వెయ్యమన్నాడు."

ఆమె బెంచీ మీద కూర్చుండిపోయింది. లేచి తిన్నగా సూపర్‌వైజర్ గదికి పోతుందనుకున్నాను. పోలేదు.

"నేను సోమారం పొద్దుగాలనే చూసిన. సార్‌ని అడిగితే ఉండనీ అన్నడు. నేను గూడ తియ్యలే. ఆ పిల్ల చెయ్యి పెడ్తుంటే వద్దని గూడ అనలే."

భోజనాల గంట అయిపోయినట్టు బెల్లు మోగింది. ఇద్దరం కదల్లేదు.

"చెప్తే ఇద్దరి నౌకరీ పోతదేమో" అంది.

"పోవచ్చు."

"చెప్పకుంటే తప్పంత ఆ పిల్లదే అయితది. ఆఫీసుల కాయితం చూసిన. నిర్లక్ష్యంగ చెయ్యి పెట్టిందని రాసిపెట్టిండ్రు."

ఆ మాటతో ఇక ఆలోచించడానికేమీ మిగల్లేదు.

మూడింటికి మేనేజర్ గది ముందు సూపర్‌వైజర్ నిలబడి ఉన్నాడు. "ఒక్కొక్కరే వెళ్లండి" అన్నాడు. ఆమె నా మోచెయ్యి పట్టుకుని తలుపు తోసింది. "ఇద్దరిది ఒకటే మాట సార్, ఇద్దరి మొకం చూస్కుంట ఇనుండ్రి" అని మేనేజర్‌తో అంది.

ముందు నేను చెప్పాను. తర్వాత ఆమె చెప్పింది. సూపర్‌వైజర్ లోపలికి వచ్చి అడ్డుపడ్డాడు. "వీళ్లకు ఒకరంటే ఒకరికి పడదు సార్. లైన్‌లో ఎవరినైనా అడగండి."

మేనేజర్ కళ్లజోడు తీసి, "పడనివాళ్లయితే ఇద్దరూ ఒకే మాట ఎందుకు చెబుతారు?" అని అడిగాడు.

సూపర్‌వైజర్‌ను లైన్ నుంచి తీసేశారు. నిర్లక్ష్యం అన్న మాట కొట్టేసి కాగితం మళ్లీ రాశారు. మా ఇద్దరినీ పదిరోజులు పనిలోకి రావద్దన్నారు. పర్మనెంట్ ఊసు ఇంకెవరూ ఎత్తలేదు.

మొదటి రోజే ఆమె ఫోన్ చేసింది. "ఆ పిల్లకు మనమే చెప్పాలె" అంది. ఆ అమ్మాయి దగ్గర్లోని ముత్తంగిలో తన ఊరి ఆడవాళ్లతో కలిసి ఉండే గదికి ఇద్దరం వెళ్లాం. చేతికి కట్టు ఉంది. సెన్సర్‌కు టేపు ఉందని మేం హిందీలో చెబుతుండగానే, అది ఎవరు వేశారని ఒకటే అడిగింది. "టేప్ కిస్‌నే లగాయా?"

"మైనే" అన్నాను, నేనే అని.

ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి పడుకుంది. మేం బయటికి వచ్చి రోడ్డు మీద లారీలు పోతుంటే నిలబడ్డాం. నాకు ఏడుపు ఆగలేదు.

"రేపు గూడ వద్దాం. మాట్లాడకున్నా సరే వద్దాం, అక్కా" అంది. ఆమె నన్ను అక్కా అని పిలవడం అదే మొదటిసారి.

మర్నాడు వెళ్లాం. ఆ మర్నాడూ వెళ్లాం. నాలుగో రోజు ఆ అమ్మాయి తలుపు తీసి, మంచం మీది బట్టలు ఎడమచేత్తో పక్కకు నెట్టి, మా ఇద్దరికీ చోటు చూపించింది.