మైకు మామయ్య ఇంటి మాటలు

ఊళ్ళో దుకాణాల వాళ్ళు ఆమెను కంప్యూటరమ్మ అంటారు. మందుల షాపులకూ, చెప్పుల షాపులకూ, ఇనప సామాన్ల కొట్లకూ బిల్లులు కొట్టే చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిపెట్టడం ఆమె పని. సర్వర్లూ గిర్వర్లూ ఆమెకు అక్కర్లేదు. డేటాబేస్ అంతా కలిపి ఒక్క ఫైలు. ప్రోగ్రాము పక్కనే, ఆ షాపు కంప్యూటర్లోనే ఓ మూల పడి ఉంటుంది. "ఒక్క ఫైలండీ బాబూ! దాన్ని కాపీ చేసి దాచుకున్నారంటే మీ షాపు మీ జేబులో ఉన్నట్టే" అని ఆమె ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు.

పళ్ళు తోముకుంటుండగానే ఫోన్లు మొదలవుతాయి. డేటాబేస్ లాక్ అయిందని వస్తోందమ్మా, అని ఒకరు. రెండు చోట్ల తెరిచి ఉంటారు, ఒకటి మూసెయ్యండి. కరెంటు పోయి వచ్చాక తెరుచుకోవడం లేదమ్మా, అని ఇంకొకరు. కంగారు పడకండి, దానంతట అదే సర్దుకుంటుంది, మీరు మాత్రం ఏదీ చెరపకండి. ఇలా రోజంతా చెబుతూనే ఉంటుంది. పక్కవాడి కొంప అంటుకుంటే నీళ్ళు ఎటు పొయ్యాలో చెప్పడం ఎంత తేలికో! తన కొంప అంటుకున్న రోజున మాత్రం ఆ మహాతల్లికి చెంబు కూడా చేతికి దొరకలేదు.

ఆమె మామగారు కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడే మనిషి. బుట్టల మధ్య స్టూలెక్కి నిలబడి ఆయన ఒక్క కేక వేశాడంటే మార్కెట్టు గేటు బయట బండి తోసుకుపోయేవాడు కూడా తల తిప్పాల్సిందే. మైకు అవసరం లేని గొంతు కాబట్టి అందరూ ఆయన్నే మైకు అనేవారు. ఆయనకూ ఆ పేరంటే మహా ఇష్టం. ఫోనెత్తితే "మైకు మాట్లాడుతున్నా" అనేవాడు, అవతలివాడు ఫోను చెవికి దూరంగా పెట్టుకునేవాడు.

అంత నోరు పెట్టుకుని బతికిన మనిషికి గొంతులోనే పుండు లేచింది. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు, ప్రాణం దక్కాలంటే స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నాడు. ప్రాణం ఉంటుంది, మాట ఉండదు. ఆ రోజు ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టలేదు. ఆయన కూడా ఏమీ అనకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన మౌనంగా ఉండగా చూడటం అందరికీ అదే మొదటిసారి, దాంతో మరీ భయం వేసింది.

మర్నాడు కోడలే ధైర్యం చేసి దగ్గరికి వెళ్ళింది. "మామయ్యా, ఆపరేషను లోపు మీ మాటలన్నీ పట్టి పెడదాం. ఒక్కో మాటకీ ఒక్కో బటన్ చేస్తాను. మీరు నొక్కితే మీ గొంతే పలుకుతుంది. యంత్రం గొంతు కాదు, మీదే" అంది.

ఆయన లేచి కూర్చున్నాడు. ఆమె భర్త పనిచేసే కొరియర్ ఆఫీసు నుంచి ఒక టాబ్లెట్ అరువు తెచ్చారు. ప్రోగ్రాము ఆమె రాసింది. రికార్డింగులన్నీ వెళ్ళి ఎప్పటిలాగే ఒక్క ఫైల్లో పడతాయి. అలవాటైన పద్ధతే కదా అని నిశ్చింతగా ఉంది.

"ముందు మార్కెట్టు మాటలు పట్టు. నేను మళ్ళీ స్టూలెక్కాలి" అన్నాడాయన.

"ముందు ఇంటివి పట్టుకుందాం మామయ్యా."

"ఇంటివాళ్ళు ఎక్కడికి పోతారమ్మా? తర్వాత చూద్దాంలే."

అలా మార్కెట్టు మాటలే ముందు పట్టారు. టమాటా, వంకాయ, ఉల్లి, ఒకటోసారి, రెండోసారి, ఎవరక్కడ వెనక నిలబడింది, ముందుకు రండి. దగ్గొస్తే "తీసెయ్, ఇది బాగాలేదు" అని చెరిపించి మళ్ళీ పాడేవాడు. పట్టిన మాట వింటూ ఇంకోటి పట్టబోతే మాత్రం టాబ్లెట్ ఆగిపోయి, లాక్ అయిందని ఎర్రక్షరాలు చూపించేది. "నా గొంతుకు తాళం వెయ్యడానికి ఆ డాక్టరు చాలడా, నువ్వు కూడానా?" అని విసుక్కునేవాడు. ఆమె ఇంటర్నెట్లో వెతికి, వినడమూ పట్టడమూ ఒకదానికొకటి అడ్డుపడకుండా చేసే ఒక్క లైను దొరికితే తెచ్చి ప్రోగ్రాములో చేర్చింది. ఆ క్షణం నుంచీ టాబ్లెట్ వెన్నలా నడిచింది. మామయ్య భేష్ అన్నాడు. ఆ లైను ఇంకేం చేస్తుందో మాత్రం ఆమె పూర్తిగా చదవలేదు.

ఇంటి మాటలు పట్టేసరికి గొంతు బొంగురుపోయింది. మింగుడు పడేది కాదు. అయినా పట్టు వదల్లేదు. నీళ్ళు ఇవ్వు, ఫ్యాను తగ్గించు, నొప్పిగా ఉంది, నువ్వు తిన్నావా, ఎక్కడ చచ్చావురా. చెమటలు కక్కుతూ ఒక్కో మాటా పలికాడు. కొన్నింటిని గదిలో తలుపు వేసుకుని ఒక్కడే పట్టుకున్నాడు. "అవి మీ అత్తయ్యవి. నువ్వు వినకూడదు" అన్నాడు సిగ్గుపడుతూ. యాప్ ఎప్పుడూ మూసేవాడు కాదు. మూస్తే మళ్ళీ తెరవడం రాదని భయం.

ఆపరేషను అయింది. ప్రాణం గట్టెక్కింది. గొంతు దగ్గర రంధ్రం, అందులో గొట్టం. ఐసీయూ నుంచి గదిలోకి మార్చే రోజున కొరియర్ ఆఫీసు వాళ్ళు టాబ్లెట్ తిరిగి ఇచ్చెయ్యమన్నారు. భర్త కొత్తది కొని, పాతదాంట్లోది అందులోకి ఎక్కించడానికి కూర్చున్నాడు. ఆమె ఆ సమయానికి మందుల షాపులో కౌంటరు కిందికి దూరి వైర్లు చూస్తోంది. ఫోను మోగింది.

"ఏం కాపీ చెయ్యాలి?" అన్నాడు భర్త.

"ఒక్క ఫైలేనండీ. మాటలు అని పేరుంటుంది."

"ఉంది. దాని పక్కనే అదే పేరుతో, చివర తోక తగిలించినట్టు ఇంకోటి ఉంది. అది?"

"అది తాత్కాలికం. వదిలెయ్యండి."

"అసలు దానికంటే ఈ తోకే పెద్దదిగా ఉందేమిటి?"

"అబ్బబ్బ, చెప్పింది చెయ్యండీ! ఇక్కడ బోలెడు మంది మందుల కోసం నిలబడి ఉన్నారు" అని ఫోను పెట్టేసింది.

పాపం, మొగుడు చెప్పింది చెప్పినట్టే చేశాడు. ఒక్క ఫైలు కాపీ చేసి, పాత టాబ్లెట్ ఆఫీసులో ఇచ్చి, ఆసుపత్రికి వచ్చాడు. ఆమె కూడా వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుని, మామయ్యకు ఇచ్చేముందు ఒకసారి చూద్దామని కొత్త టాబ్లెట్ తెరిచింది. తప్పూ లేదు, ఎర్రక్షరాలూ లేవు. మార్కెట్టు అన్న బటన్ నొక్కింది. టమాటా పాట ఖంగుమంది. ఇల్లు అన్న బటన్ నొక్కింది. ఖాళీ. తిట్లు అని ఆయన పట్టుబట్టి పెట్టించుకున్న బటన్ ఒకటుంది. అదీ ఖాళీ. అత్తయ్య అన్నది నొక్కింది. అదీ ఖాళీయే.

అప్పుడు తట్టింది ఆమెకు. తను చేర్చిన ఆ ఒక్క లైను వల్ల కొత్తగా పట్టిన మాటలు నేరుగా అసలు ఫైల్లోకి పోవు. ముందు ఆ తోక ఫైల్లో దిగుతాయి. వచ్చిన సరుకు వరండాలో దింపుకుని, వాకిట్లో జనం తగ్గాక లోపలికి సర్దుకున్నట్టు. మామయ్య వినే తెర ఎప్పుడూ మూయలేదు కాబట్టి వాకిట్లో మనిషి ఎప్పుడూ నిలబడే ఉన్నాడు, సర్దుడు జరగనే లేదు. ఇంటి మాటలన్నీ వరండాలోనే ఉండిపోయాయి. ఆ వరండానే తాత్కాలికం, వదిలెయ్యండి అంది. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

"ఏమైందే?" అన్నాడు భర్త.

"టాబ్లెట్ ఎక్కడ? పాతది ఎక్కడండీ?"

స్కూటరు మీద ఆఫీసుకి పరుగెత్తారు. కౌంటరు గుమాస్తా, "అప్పుడే శుభ్రంగా చెరిపి, మా సాఫ్ట్‌వేర్ ఎక్కించి డెలివరీకి ఇచ్చేశామండీ" అన్నాడు. శుభ్రంగా అన్న మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. డెలివరీ మనిషిని వెతికి పట్టుకుని, కాళ్ళావేళ్ళా పడి టాబ్లెట్ తీసుకుని ఫోన్లు బాగుచేసే షాపుకి పట్టుకెళ్ళింది. అతను తిప్పి చూసి పెదవి విరిచాడు. "చెరిపినప్పుడే లోపలి తాళంచెవి కూడా పోతుంది మేడం. ఇంక ఆ దేవుడే దిగొచ్చినా తెరవలేడు" అన్నాడు. ఇంకో షాపు, ఆ తర్వాత ఇంకో షాపు. అందరిదీ ఒకటే మాట. చివరి షాపు మెట్ల మీద కూలబడింది. భర్త పక్కన నిలబడ్డాడు. నేను అడిగానా లేదా అని ఒక్కసారి అరిచినా ఆమెకు బాగుండేది.

అంతలో మందుల షాపాయన ఫోను. "అమ్మా, పాత బిల్లులన్నీ తీసేశాను, అయినా ఫైలు రవ్వంత కూడా తగ్గలేదేమిటి?"

ఏడుపు మింగుకుంటూ, నోటికొచ్చిన పాఠం అప్పజెప్పింది. "తీసేసినా జాగా అలాగే ఉంటుందండీ. దానిమీద కొత్తది రాసేదాకా పాతది లోపలే..." అని మధ్యలో ఆగిపోయింది.

ఫోను పెట్టేసి బ్యాగులోంచి లాప్‌టాప్ తీసి, ఆ మెట్ల మీదే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జనం ఆమెను దాటుకుని ఎక్కుతున్నారు, దిగుతున్నారు. కాపీ చేసిన ఫైల్లో చెరిపేసిన ముక్కలన్నీ ఒక్కొక్కటే తవ్వి తీసింది. ఒకటి దొరికింది! చెవి ఆనించి వింది. దగ్గు. ఇంకోటి దొరికింది. "ఉల్లి... ఛ, తీసెయ్, ఇది బాగాలేదు." ఇంకో దగ్గు. అన్నీ మార్కెట్టు తాలూకు తుక్కే. ఇంటి మాటలు అసలు ఆ ఫైలు గడపే తొక్కలేదు, తవ్వితే మాత్రం ఎక్కడినుంచి వస్తాయి? లాప్‌టాప్ మూసి మొహానికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

ఆసుపత్రి గదిలో మామయ్య దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె చేతిలో టాబ్లెట్ చూడగానే మొహం విప్పారింది. రెండు చేతులూ చాచాడు. అత్తయ్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని గ్లాసు కడిగి తుడుస్తోంది.

ఆమె టాబ్లెట్ ఇవ్వలేదు. మంచం అంచున నిలబడే చెప్పేసింది. ఏం చేర్చిందో, ఏం వదిలెయ్యమందో, ఎక్కడెక్కడ వెతికిందో, అన్నీ. "ఇంటి మాటలు ఒక్కటీ లేవు మామయ్యా. నేనే పోగొట్టాను. మీ అబ్బాయి తప్పేం లేదు, అడిగారు కూడా. నా పొగరే" అంది.

ఆయన ఆమె చేతిలోంచి టాబ్లెట్ లాక్కున్నాడు. ఇల్లు నొక్కాడు. తిట్లు నొక్కాడు, గట్టిగా, మళ్ళీ మళ్ళీ. ఏమీ రాలేదు. వేలు జారి మార్కెట్టు మీద పడింది. "టమాటా చూడండి, నిగనిగలాడుతోంది, ఒకటోసారి!" అని గదంతా దద్దరిల్లింది. నర్సు తొంగి చూసింది. ఆయన టాబ్లెట్‌ని పక్కమీద బోర్లించాడు. పెదవులు కదిలాయి. గొట్టంలోంచి గాలి మాత్రం వచ్చింది.

"తిట్టండి మామయ్యా, ఏదో ఒకటి చెయ్యండి, కొట్టండి" అని కోడలు భోరుమంది.

"ఊరుకోవే, తిట్టడానికి ఆయన దగ్గర ఏముందని తిట్టమంటావు?" అంటూ అత్తయ్య గ్లాసు పక్కన పెట్టి స్టూలు ముందుకు జరుపుకుంది. "ఇలా కూర్చో. ఆయన అనాల్సింది నేనంటాను." గొంతు సవరించుకుని, అచ్చం ఆయనలా గడ్డం ఎగరేసి మొదలుపెట్టింది. "బుర్రుందా నీకు? ఊరందరికీ సుద్దులు చెప్పే మొహానివి, ఇంట్లో దీపం ఆర్పుకుంటావా? మొగుడు అడిగితే వినవా? చెవుల్లో ఏం పెట్టుకున్నావ్, వంకాయలా?" ఆయన వైపు తిరిగింది. "సరిపోయిందా?"

ఆయన ఇంకొకటి ఉందని వేలు చూపించాడు.

"ఆఁ, ఆఁ. నీ కంప్యూటరూ నువ్వూ కలిసి మురిక్కాలవలో దూకండి!"

ఆయన తల ఊపాడు. భుజాలు కదిలాయి. అది నవ్వని అర్థం కావడానికి కోడలికి కాసేపు పట్టింది. ఆయన చెయ్యి చాచి ఆమె నెత్తిన పెట్టాడు. ఆ చెయ్యి కింద ఆమె ఏడుస్తూనే ఉంది.

తర్వాత ఆయన భార్య వైపు తిరిగాడు. పెదవులు కదిపాడు. చిన్న మాటే. ఆమె చూసి తల దించుకుంది. ఆయన ఆమె మోచెయ్యి తట్టి, మళ్ళీ అదే మాట కదిపాడు.

"ఏమంటున్నారు అత్తయ్యా? అదీ మీరే చెప్పండి" అంది కోడలు కళ్ళు తుడుచుకుంటూ.

అత్తయ్య గ్లాసు తీసుకుని, తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచింది.

"గుమ్మంలో చెప్పులు విడుస్తూ 'ఉన్నావా' అంటారు చూడు, అది. ఆయన తిట్లయితే ఎన్నైనా తిట్టగలనే. 'ఉన్నావా' అని నన్ను నేనే ఎలా పిలుచుకోను?"