రేడియోలో రాని వార్త

ఆమె అసలు పేరు బంధువులు మరిచిపోయి చాలాకాలమైంది. చిన్నవాళ్లకు రేడియో పిన్ని, పెద్దవాళ్లకు ఒట్టి రేడియో. కన్నతల్లే "దాని నోట్లో నువ్వుగింజ నానదు" అని కనబడిన ప్రతివారితోనూ చెప్పి, ఆ గుణం ఎటునుంచి సంక్రమించిందో కూడా ఆ విధంగా రుజువు చేసింది.

కాపురం మూడో అంతస్తులో. కింద బట్టలుతికే దుకాణం ఉండడంవల్ల మెట్లెక్కేవారికి వేడి ఇస్త్రీ వాసన పై గుమ్మందాకా తోడు వచ్చేది. భర్త కళ్లద్దాలు తయారుచేసేవాడు. పెళ్లయిన కొత్తలో ఆయనకూ మాటలు వచ్చేవట. తరవాత అవసరం పడలేదు. "ఊఁ" అనే ఏకాక్షరాన్ని సాగదీసి, కుదించి, పైకెత్తి, కిందికి దించి, సంసారానికి సరిపడా వ్యాకరణం నిర్మించుకున్నాడు. ఇంట్లో ఉన్న ఒక్క విడిగదినీ ఆయన అద్దాల యంత్రం ఆక్రమించింది కనుక, వంటింటికీ స్నానాలగదికీ మధ్యనున్న నడవాలో ఆమె బల్ల వేసుకుంది.

ఆమె ఉద్యోగమేమిటో, కంప్యూటర్ల పనిలోనే ఉన్న తమ్ముడికి తప్ప, చుట్టాల్లో ఒక్కరికీ తెలియదు. అందుకు కారణం ఆమె చెప్పకపోవడం కాదు, చెప్పడం. ఆవిడ మొదలుపెట్టేసరికి వినేవాళ్లకు ఎక్కడో పని గుర్తొచ్చేది. ఆ కథ మనం క్లుప్తంగా చెప్పుకుందాం. కంప్యూటర్లకు పని పురమాయించడానికి మనుషులు కొన్ని భాషలు కల్పించుకున్నారు. అలాంటి ఒక భాషకు ఆమె మరమ్మతుదారు. ఆ భాషకు కొత్త సొగసులు అద్దేవారు వేరే ఉన్నారు. వాళ్లు సభల్లో మాట్లాడతారు, చప్పట్లు కొట్టించుకుంటారు. ఈమె వంతు పాత వెర్షన్. అప్పుడప్పుడూ ఒక చిన్న విడుదల వస్తుంది: ఇక్కడో చిల్లు పూడ్చాం, అక్కడో తప్పు దిద్దాం అని. ఆమె పని సవ్యంగా సాగితే లోకంలో ఏమీ జరగదు. లిఫ్టు ఆగదు, టికెట్టు యంత్రం మొరాయించదు, రోగి రక్తపరీక్ష ఇంకొకరి పేరుమీద పోదు. ఏమీ జరగకుండా చూడడమనే ఈ ఘనకార్యాన్ని లోకం ఎలా గుర్తిస్తుంది? గుర్తించలేదు.

ఇటువంటి మనిషికి ఒకరోజు ఒక రహస్యం అప్పజెప్పారు.

సంగతి ఇది. ఇంటర్నెట్టులో ఫైళ్లను మూటగట్టి పంపుకుంటారు, జిప్ ఫైలంటారు. ఆ మూట విప్పే పని భాషలోనే ఉంది. మూటలో ప్రతి ఫైలుమీదా అదెక్కడికి వెళ్లాలో చిరునామా ఉంటుంది. దుర్మార్గుడెవడైనా "ఈ గది దాటి, పై గది దాటి, ఇంటివారి బీరువాలోకి" అని రాసి పంపవచ్చు. అందుకని లోపల ఒక గుమాస్తాను పెట్టారు. మనిషి కాదు, నాలుగు వాక్యాల కోడు. అయినా నడవడి గుమాస్తాదే. చిరునామా చదివి, గది దాటేలా ఉంటే మూటను వెనక్కి పంపుతాడు. అయితే చిరునామా మరీ పొడుగైతే మధ్యలో చదవడం మానేసి "సరే, పో" అంటున్నాడని ఎవరో ఒక కాలేజీ అమ్మాయి కనిపెట్టి, మరమ్మతుదారులకు గుట్టుగా తెలియజేసింది.

ఈ సందర్భాల్లో ఒక ఒట్టు ఉంటుంది. తలుపుకు గొళ్లెం లేదన్న వార్త గొళ్లెం బిగించేదాకా పైకి రాకూడదు. ముందే పొక్కితే ఇంటివాడి కంటే దొంగే తొందరగా నిద్ర లేస్తాడు. కనుక శుక్రవారం మరమ్మతు విడుదలయ్యేదాకా ఎవరికీ, ఇంట్లోవాళ్లక్కూడా, చెప్పరాదు. జట్టులో అందరూ సరేనన్నారు. మన రేడియో కూడా సరేనంది.

ఆ తరవాత ఆమె మాట్లాడింది. మామూలు కంటే ఎక్కువగా మాట్లాడింది. కొళాయి గురించి, దుకాణంవాడి కోడలి గురించి, మబ్బుల ఆకారం గురించి గుక్కతిప్పుకోకుండా మాట్లాడింది. నోరు ఖాళీగా ఉంటే ఏ క్షణాన ఏది జారుతుందోనని, దాన్ని సదా నింపి ఉంచింది. భర్త అద్దం అరగదీస్తూ విన్నాడు. అన్నీ చెబుతున్న భార్య ఆఫీసు మాట ఒక్కటీ ఎత్తడంలేదని రెండో పూటకే పసిగట్టాడు. "ఊఁ" అన్నాడు. ఆ ఊఁకు అర్థం "అడగనులే" అని. ఆ మాటకు ఆమెకు కళ్లు చెమర్చాయి గాని, అదే గుక్కలో ఉల్లిపాయల ఘాటు గురించి ప్రసంగించి గట్టెక్కింది.

ఆదివారం తమ్ముడు భోజనానికి వచ్చాడు. ఎముకల ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగం అతనిది. కుర్చీలో కూర్చోకముందే మొదలెట్టాడు.

"బుధవారం ప్రారంభం, అక్కా! ఇకమీద రోగులు ఇంట్లోంచే ఎక్స్‌రేలన్నీ జిప్ చేసి మాకు పంపొచ్చు. డైరెక్టరుగారే స్వయంగా రిబ్బను కత్తిరిస్తారు."

"కంప్యూటరుకి రిబ్బను ఎక్కడ కడతార్రా?"

"అదే వెతుకుతున్నాం. సరేగానీ, నువ్వా భాషకి పెద్దదిక్కువి కదా. మూటలు విప్పడానికి దాంట్లో ఉన్నదే వాడుతున్నా. నిశ్చింతగా ఉండొచ్చా?"

భర్త చేతిలో గరిటె ఆగింది.

ఆ క్షణాన ఆమె ముందు మూడు దారులున్నాయి. ఉండొచ్చు అంటే అబద్ధం. ఉండొద్దు అంటే ఒట్టు తప్పినట్టు. మూడోది మౌనం. లోకంలో తక్కినవారందరికీ మౌనం మంచి దాపు. ఆమెకు ఆ దారీ లేదు. ఆమె అరనిమిషం ఊరుకుంటే అంబులెన్సు పిలిచే కుటుంబం అది. కనుక నోరు తెరిచింది.

"పరాయివాళ్ల మూట తిన్నగా వంటింట్లోకి తెచ్చి విప్పుతావా? ముందు వరండాలో విప్పి చూసుకోవద్దూ? మా సహాయం పేజీలో పైనే ఎర్రక్షరాలతో రాసుంది, తెలియనిచోటి నుంచి వచ్చినదాన్ని విడిగా ఓ మిషన్లో విప్పండని. ఎన్నేళ్లనుంచో ఉంది. ఏనాడైనా చదివావా? బళ్లో ప్రశ్నపత్రం చదవకుండానే జవాబులు రాసేవాడివి!"

"అబ్బ, అది పాతకాలపు చాదస్తం అక్కా. ఇప్పుడు లోపలే తనిఖీ ఉంది కదా."

"ఉంటే ఉండనీ."

"అంటే, అది పనిచెయ్యదంటావా?"

గరిటె ఇంకా గాల్లోనే ఉంది.

"నేనెప్పుడన్నానూ? తాళం ఉంది కదా అని గుమ్మంలో నగలు ఆరబెట్టుకుంటావుట్రా?"

"విడిగా మిషను కావాలంటే మళ్లీ అర్జీ పెట్టాలి. బుధవారానికి అయ్యే పని కాదు."

"వాయిదా వేస్తే ఏం? రిబ్బను పాడైపోయే సరుకా?"

ఎర్రక్షరాల సలహా ఆమె ఏనాడైనా, దారినపోయే దానయ్యకైనా ఇచ్చేదే. అంతకుమించి ఒక్క మాట పెంచలేదు. కానీ తమ్ముడి మొహం ఎర్రబడింది.

"నాకు తెలుసులే. నువ్వు పాతవాటికి అతుకులేస్తూ ఈ నడవాలో కూర్చుంటావు. నేను కొత్తదేదైనా మొదలెడితే నీకు గిట్టదు. బావా, వస్తాను."

అని చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. మెట్లమీద అడుగుల చప్పుడు కిందికంటా వినబడింది. ఒక్క వాక్యంతో ఆమె అతణ్ణి వెనక్కి పిలవగలదు. ఆ వాక్యం ఆమె నాలుక చివరే ఉంది. ఆమె ఎంగిలి కంచాలు తీసింది.

సోమవారం పొద్దున జట్టులో ఒకడి దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. అతను వేరే దేశంవాడు. ఫొటోలో ముక్కు తప్ప తక్కినదంతా గడ్డమే కావడంతో ఆమె అతన్ని గడ్డం అనేది. కొత్త వెర్షనుకు మరమ్మతు తయారైందనీ, మిగిలింది ఆమె చూసే పాతదేననీ, దాని ఆయుష్షు ఎలాగూ తీరవచ్చింది కనుక వదిలేసి రేపే విడుదల చేద్దామా అనీ అడిగాడు.

రేపే! తమ్ముడు వాడేది కొత్త వెర్షనే. రేపు విడుదలైతే బుధవారానికి అతని ఇల్లు భద్రం. ఒట్టూ తప్పదు, తమ్ముడూ దక్కుతాడు. కాకపోతే చిల్లు సంగతి లోకానికంతటికీ తెలిసిపోతుంది, పాత వెర్షనువాళ్లకు మాత్రం గొళ్లెం ఉండదు. ఎవరు వాళ్లు? యంత్రాలు మార్చే స్తోమత లేని చిన్న దవాఖానాలు, లిఫ్టులవాళ్లు, ఎక్కడో లంకలో వానలు కొలుస్తూ ఆమెకు ఏటా శుభాకాంక్షలు పంపే ఒక ముసలాయన. వాళ్లకూ అక్కలుంటారు. ఆ అక్కలకు ఈ జట్టులో చోటు లేదు, అంతే తేడా.

ఆమె జవాబు రాసింది: "వద్దు. శుక్రవారమే."

ఆమె జీవితంలో అంత చిన్న ఉత్తరం రాయలేదు. గడ్డం నుంచి వెంటనే తిరుగు టపా: "ఒంట్లో బాగానే ఉందా?"

పాత వెర్షనులో గుమాస్తాను రాసినవాడు ఎప్పుడో ఈ పని మానేసి వెళ్లిపోయాడు. పోతూ పక్కన ఒక వ్యాఖ్య వదిలాడు: "ఇంతకంటే పొడుగు చిరునామా ఎవడు రాస్తాడు?" ఎవడు రాస్తాడో ఇన్నేళ్లకు తెలిసింది. ఆమె గడ్డం చేసిన మరమ్మతునే తెచ్చి అక్కడ అమర్చింది: ఇన్ని అక్షరాలు మించితే పంపకు. ఇక పరీక్షించాలి. అందుకు చిరునామాగా ఒక పొడుగాటి పేరు కావాలి. గడ్డం తన పరీక్షలో "ఎ" అనే ఇంగ్లీషక్షరాన్నే వరసగా కొట్టుకుంటూ పోయాడు. ఆమెకు అటువంటి నిస్సారమైన పని చేతకాదు. కూడబెట్టుకున్న మాటలన్నీ వేళ్లలోకి దిగాయి. తెలుగులో, ఆపకుండా, కొట్టింది.

మీట నొక్కింది. గుమాస్తా ఆ పేరును చూశాడు, మధ్యలో మానేశాడు, "సరే, పో" అన్నాడు.

ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుంది. మళ్లీ నొక్కింది. మళ్లీ "సరే, పో".

అప్పుడు తట్టింది. యంత్రం కడుపులో తెలుగు అక్షరానికి ఇంగ్లీషుదానికి మూడింతల చోటు కావాలి. గడ్డం అక్షరాలు లెక్కపెట్టాడు. గుమాస్తా చేతిలో ఉన్నది చోటు కొలిచే పెట్టె. లెక్కకు తక్కువగానే ఉన్న తెలుగు పేరు పెట్టెలో పట్టక పొర్లిపోతోంది, పొర్లినదాన్ని గుమాస్తా చదవడంలేదు. కొత్త వెర్షనుకు చేసిన మరమ్మతులోనూ ఇదే తప్పు. మంగళవారం విడుదల చేసి ఉంటే, దొంగకు చిల్లు చూపించి, సగం పూడ్చి, పూర్తిగా పూడ్చామని లోకానికి అభయమిచ్చి ఉండేవారు. ఆమె తమ్ముడికి కూడా.

ఎన్ని ఆసుపత్రులు, ఎన్ని ఓడలు, ఎన్ని బళ్లు! ఎవరూ ఎవరినీ ఎరగరు. అందరూ ఈ నాలుగు వాక్యాల గుమాస్తాను నమ్మి తలుపులు వేసుకుంటున్నారు. నడవాలో, ఒక పక్క కుక్కరూ ఒక పక్క కొళాయీ మోగుతుండగా, ఆమె పాత వరస కొట్టేసి కొత్తది రాసింది: చివరిదాకా చదవలేకపోతే, పంపకు. రాశాక చూస్తే, అనాదిగా అది అక్కడే ఉన్నట్టనిపించింది. మంచి మరమ్మతుల తీరే అది.

గడ్డం చదివి, ఒకే ముక్క రాశాడు: "నమస్కారం." మిగతా జట్టంతా తమతమ దేశాల్లో కూర్చుని, కొత్త వెర్షనునూ దిద్దారు. విడుదలతోపాటే అందరికీ చేరేలా ఆ పరీక్షను కూడా యథాతథంగా అందులో చేర్చారు. అందులో ఏముందో చదవగలవారు వాళ్లలో ఒక్కరూ లేరు.

బుధవారం మరదలు ఫొటో పంపింది. డైరెక్టరుగారు, రిబ్బను, తమ్ముడి ముప్పైరెండు పళ్లు. వెనక రెండో మిషను ఏమైనా ఉందేమోనని ఆమె ఫొటోను పెద్దది చేసి చేసి చూసింది. పళ్లే పెద్దవయ్యాయి.

శుక్రవారం పొద్దున విడుదల. ప్రకటనలో ఫిబ్రవరి తేదీలో దిద్దిన తప్పు ఒకటి, సహాయం పేజీలో అచ్చుతప్పు ఒకటి, వాటి మధ్యన ఒదిగి ఒక ముక్క: "మూటలు విప్పేటప్పుడు పొడవైన చిరునామాల తనిఖీ సరిచేశాం. వెంటనే మార్చుకోండి." అంతే. కాసేపటికి ఎక్కడెక్కడి యంత్రాలో వచ్చి కొత్తదాన్ని పట్టుకుపోసాగాయి. తెల్లవారుతున్న దేశాల్లో, పొద్దుగుంకుతున్న దేశాల్లో, ముక్కూమొహం ఎరగని తలుపులకు ఒక్కొక్కటిగా గొళ్లెం పడుతోంది. భర్త వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. తెరమీద పెరుగుతున్న అంకెను చూసి, చేతిలోని అద్దాలు తుడిచి పెట్టుకుని మళ్లీ చూశాడు. ఊఁ అనడం కూడా మరిచిపోయాడు.

ఫోను మోగింది. తమ్ముడు.

"అక్కా, ఆ పరీక్ష చదివాను."

"ఏ పరీక్షరా?"

"పొడుగు పేరుది. 'ఒరేయ్ నాయనా, ఆ గుమాస్తా చిరునామా పూర్తిగా చదవడంలేదురా, నువ్వడిగితే చెప్పలేక చచ్చాను, కోపమొస్తే రానీ, మూట మాత్రం వంటింట్లో విప్పకు...' ఇంకా చాలా ఉంది."

"అది మిషన్ల కోసం రాసింది."

"మిషన్లని ఒరేయ్ అంటావా?"

ఆమె మాట్లాడలేదు. అంబులెన్సు ఎవరూ పిలవలేదు.

"ఎర్రక్షరాలు నిజంగానే ఉన్నాయిలే," అన్నాడు తమ్ముడు. "నువ్వు చెప్పింది ఎందుకూ పనికిరాదని నిరూపిద్దామని, స్టోరుగదిలో ముసలి కంప్యూటరొకటి దులిపి పెట్టా. మూటలన్నీ దాంట్లోనే విప్పుతున్నాం. నేను వెళ్లిపోతుంటే ఒక్క మాట అనలేదేం, అక్కా?"

"అనకూడదురా."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. వెనకనుంచి ఆసుపత్రి మిషన్ల హోరు.

"కొత్తది ఎక్కించావా లేదా?" అంది ఆమె.

"ఎక్కిస్తున్నా. ముందు పరీక్షలన్నీ నడుస్తున్నాయి. ఉండు, నన్ను తిట్టేది వచ్చింది..." ఊపిరి బిగబట్టినట్టు ఆగాడు. "ఆఁ. ఆపేశాడక్కా. చివరిదాకా చదవలేకపోయాడు, అందుకని పోనివ్వలేదు."